టైరు లైటు వెలిగితే ఎక్కడికి వెళ్ళాలి? ఇల్లు, బంకు, ఆటోనగర్, షోరూం: నాలుగు దారుల పోలిక

పోయిన జనవరిలో ఓ ఉదయం విజయవాడ నుంచి గుంటూరు బయల్దేరి కనకదుర్గ వారధి దాటానో లేదో, మీటర్ బోర్డులో పసుపు గుర్తు వెలిగింది. గుర్రపు నాడాలా ఉండి మధ్యలో ఆశ్చర్యార్థకం ఉంటుందే, అది. నాలుగు రోజుల క్రితమే ఇదే లైటు వెలిగితే హైవే మీద ఒక బంకులో గాలి కొట్టించి, మెనూలో రీసెట్ కూడా నొక్కాను. మరి మళ్ళీ ఎందుకు వెలిగింది? తాడేపల్లి దగ్గర పక్కకి ఆపి నాలుగు టైర్లనీ కాలితో తన్ని చూశాను. మనమందరం చేసే పనే, దానివల్ల తెలిసేది మాత్రం ఏమీ ఉండదు.

సాయంత్రం ఇంటికొచ్చి అడిగితే తలా ఒక మాట. ఎదురు ఫ్లాట్ ఆయన "రీసెట్ కొట్టెయ్యండి, పోతుంది" అన్నారు. బావమరిది "షోరూంకి తీసుకెళ్ళు బావా, ఎందుకొచ్చిన గొడవ" అన్నాడు. వీధి చివర పంచర్ షాపు కుర్రాడు "లైటేగా సార్, వదిలెయ్యండి" అన్నాడు. మొదటి రెండూ మంచి సలహాలే, కాకపోతే ఒక్కోటి ఒక్కో రకం సమస్యకి. మూడోది ఏ కారుకీ పనికిరాదు.

మర్నాడు పొద్దున్నే గాలి కొలిచే గేజ్ పెట్టి చూస్తే మూడు టైర్లు 32 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) దగ్గర ఉన్నాయి, వెనక కుడి టైరు 24. తిప్పి చూస్తే గాడిలో చిన్న మేకు. నాలుగు రోజుల క్రితం నేను చేసిన రీసెట్ ఆ మేకుని తియ్యలేదు, నాకు కనబడకుండా చేసిందంతే.

అందుకే ఎక్కడ రీసెట్ చేయించాలి అనే ప్రశ్న కంటే ముందు తేల్చుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. అవి తేలితే నాలుగు దారుల్లో మీది ఏదో చాలావరకు దానంతటదే తెలిసిపోతుంది.

ముందు తేల్చుకోవాల్సినవి

*లైటు ఎలా వెలుగుతోంది?* కారు స్టార్ట్ చేయగానే వెలిగి కొన్ని సెకన్లలో ఆరిపోతే అది మామూలు పరీక్షే, పట్టించుకోనక్కర్లేదు. వెలిగి అలాగే ఉండిపోతే (దీన్ని నిలకడ లైటు అందాం) ఏదో ఒక టైరులో గాలి తగ్గిందని అర్థం. స్టార్ట్ చేశాక నిమిషం, నిమిషంన్నర పాటు మినుకుమినుకుమని, ఆ తర్వాత వెలిగే ఉండిపోతే మాత్రం కథ వేరు. గాలిని కనిపెట్టే వ్యవస్థకే జబ్బు చేసిందన్నమాట. సెన్సర్ బ్యాటరీ అయిపోయి ఉండొచ్చు, టైరు మార్చేటప్పుడు సెన్సర్ విరిగి ఉండొచ్చు, సెన్సర్ లేని స్టెప్నీ బిగించి ఉండొచ్చు. ఈ మినుకు లైటుకి మెనూలో ఎన్నిసార్లు నొక్కినా లాభం లేదు.

*మీ కారులో ఉన్నది ఏ రకం?* దీనికి సమాధానం తెలియకపోవడమే సగం గందరగోళానికి కారణం. టైరు ప్రెషర్ మానిటరింగ్ సిస్టం, పొట్టిగా టీపీఎంఎస్, రెండు రకాలు.

ఒకటి డైరెక్ట్ రకం. ప్రతి చక్రం లోపల, వాల్వ్ వెనక చిన్న సెన్సర్ ఉంటుంది. అది గాలిని కొలిచి రేడియో సిగ్నల్ ద్వారా కారుకి చెబుతుంది. మీటర్ బోర్డులో ఒక్కో టైరుకి ఒక్కో అంకె కనిపిస్తే మీది ఇదే. హ్యుందాయ్ క్రెటా, కియా సెల్టోస్, కారెన్స్, ఎంజీ హెక్టర్ లాంటి వాటిలో చూసే ఉంటారు. పొద్దున్నే స్టార్ట్ చేయగానే అంకెలు రాకుండా "డ్రైవ్ టు డిస్‌ప్లే" అని వస్తే కంగారు పడకండి. కారు ఆగి ఉన్నప్పుడు బ్యాటరీ ఆదా కోసం సెన్సర్లు నిద్రపోతాయి, చక్రం తిరిగాక లేస్తాయి.

రెండోది ఇండైరెక్ట్ రకం. ఇందులో చక్రం లోపల ఏమీ ఉండదు. బ్రేకుల ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేస్తే చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) కోసం చక్రాల వేగాన్ని కొలిచే సెన్సర్లు ఎలాగూ ఉంటాయి కదా, వాటినే వాడుకుంటుంది. గాలి తగ్గిన టైరు కాస్త కుదించుకుపోతుంది. అదే దూరానికి మిగతా వాటికంటే ఎక్కువసార్లు తిరుగుతుంది. ఆ తేడాని పట్టుకుని లైటు వేస్తుంది. స్కోడా కుషాక్, ఫోక్స్‌వ్యాగన్ టైగున్, ఐదో తరం హోండా సిటీ ఇలాంటివే. నా కారూ ఇదే రకం. వేరియంట్‌ని బట్టి, తయారైన ఏడాదిని బట్టి మారుతుంటాయి కాబట్టి పేరు చూసి నిర్ణయించుకోకండి. అంకెలు కనబడకుండా లైటు మాత్రమే వచ్చి, మెనూలో "సెట్", "సేవ్", "కాలిబ్రేషన్" లాంటి మాట ఉంటే ఇండైరెక్ట్ అనుకోవచ్చు.

ఈ తేడా ఎందుకంత ముఖ్యమంటే, ఇండైరెక్ట్ రకానికి 33 అంటే ఏమిటో తెలియదు. మీరు రీసెట్ నొక్కిన నాడు టైర్లు ఎలా ఉన్నాయో అదే సరైన స్థితి అని నేర్చుకుంటుంది. ఒక టైరు 26 ఉండగా నొక్కారా, ఆ 26నే మంచిదనుకుంటుంది. పిల్లవాడికి మొదటిరోజే తప్పు ఎక్కం నేర్పినట్టు. అందుకే దీనికి గాలి సరిచేసిన ప్రతిసారీ, టైర్లు అటూ ఇటూ మార్చినప్పుడల్లా రీసెట్ తప్పనిసరి, కానీ గాలి సరిచేశాకే. డైరెక్ట్ రకానికి ఈ బెడద లేదు. గాలి సరిగ్గా నింపి కాసేపు నడిపితే చాలావరకు లైటు దానంతటదే ఆరిపోతుంది, నొక్కాల్సిన బటనే ఉండకపోవచ్చు. "మా కారులో రీసెట్ ఎక్కడుందో దొరకడం లేదు" అని అరగంట మెనూలు వెతికేవాళ్ళు సాధారణంగా వీళ్ళే.

*లైటుకి ముందు కారుకి ఏం జరిగింది?* ఏమీ జరగకుండా వెలిగితే ముందు పంచర్‌నే అనుమానించండి. టైర్ రొటేషన్, కొత్త టైర్లు, అలాయ్ చక్రాలు, స్టెప్నీ బిగించడం లాంటిదేదైనా జరిగాక వెలిగితే ఆ పని దగ్గరే జవాబు ఉంటుంది.

*టైర్లు చల్లగా ఉన్నాయా?* ఎంత గాలి ఉండాలో చెబుతూ కారు తలుపు దగ్గర అంటించే స్టిక్కర్ మీద ఉండే అంకె చల్లటి టైరుకి. అంటే కనీసం మూడు గంటలు ఆగి ఉన్న కారుకి, లేదా రెండు కిలోమీటర్ల లోపు నడిచిన దానికి. ఉష్ణోగ్రత ఐదారు డిగ్రీలు మారితే సుమారు 1 పీఎస్ఐ మారుతుంది. నడిచిన టైరు ఇంకా వేడెక్కుతుంది కాబట్టి మరో మూడు నాలుగు కలుస్తుంది. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు కదా, ఆ రోజుల్లో మిట్టమధ్యాహ్నం మంగళగిరి దగ్గర చూపించే 33కీ, సంక్రాంతి చలిలో పొద్దున్నే చూపించే 33కీ చాలా తేడా ఉంది. మే మధ్యాహ్నం సరిగ్గా 33 పెట్టించి వదిలేస్తే, చుక్క గాలి కారకపోయినా జనవరి తెల్లవారుజామున 29 దగ్గరకి దిగుతుంది.

నాలుగు దారులు ఒక్క చూపులో

| | ఇంట్లో మీరే | పెట్రోల్ బంకు | ఆటోనగర్ / టైర్ల షాపు | కంపెనీ సర్వీస్ సెంటర్ |
|---|---|---|---|---|
| ఖర్చు | గేజ్, చిన్న కంప్రెసర్ ఒకసారి కొనాలి | గాలి ఉచితం | పనిని బట్టి, ముందే అడగాలి | అన్నిటికంటే ఎక్కువ; వారంటీలో ఉంటే వేరు |
| సమయం | పదిహేను నిమిషాలు, ఆపైన కాసేపు నడపాలి | ఐదు నిమిషాలు, రద్దీ లేకపోతే | అరగంట నుంచి పూట వరకు | సగం రోజు |
| చల్లటి టైరు దొరుకుతుందా | దొరుకుతుంది | ఇంటి పక్క బంకైతేనే | కష్టం | కష్టం |
| నిలకడ లైటుకి | ఉత్తమం | పర్వాలేదు | పంచర్ ఉంటే తప్పదు | అనవసరం |
| మినుకు లైటుకి | పనికిరాదు | పనికిరాదు | టూల్ ఉన్న చోటైతే బాగుంటుంది | బాగుంటుంది |
| ప్రధాన చిక్కు | ఓపిక కావాలి | గేజ్‌ని నమ్మలేం | చెయ్యి తిరిగినవాడు దొరకాలి | చిన్న పనికి పెద్ద తతంగం |

ఇంట్లో

నా ఓటు దీనికే, అది దాచను. ఒక మంచి గేజ్, కారులోని 12 వోల్టుల సాకెట్‌కి తగిలించే చిన్న కంప్రెసర్ ఉంటే చాలు.

డ్రైవర్ వైపు తలుపు తెరిస్తే స్తంభం మీద స్టిక్కర్ ఉంటుంది. కొన్ని కార్లలో పెట్రోల్ మూత వెనక అంటిస్తారు. అందులో ఇద్దరు ముగ్గురు ఎక్కినప్పటికి ఒక అంకె, నిండా జనం, సామాను ఉన్నప్పటికి మరో అంకె ఉండొచ్చు, ముందు వెనక టైర్లకి వేరువేరుగా కూడా ఉండొచ్చు. టైరు గోడ మీద అచ్చుపోసిన "మ్యాక్స్" అంకెని చూసి నింపేవాళ్ళు ఉన్నారు. అది ఆ టైరు తట్టుకోగల గరిష్ఠం, మీ కారుకి కావాల్సింది కాదు.

పొద్దున్నే నాలుగూ కొలవండి. కొలిచిన అంకెల్ని ఫోన్‌లో రాసుకోండి, గాలి నింపకముందే. నాకు మేకు దొరికింది ఆ అంకెల వల్లే. మూడూ దగ్గరదగ్గరగా ఉండి ఒక్కటే ఐదారు తగ్గి ఉంటే అక్కడ ఏదో ఉంది, రీసెట్ సంగతి తర్వాత. నాలుగూ సమానంగా తగ్గి ఉంటే అది నెలనెలా సహజంగా కారిపోయే గాలి, లేదా చలి. నింపుకోండి.

ఆ తర్వాత ఇండైరెక్ట్ రకమైతే కారు కదలకుండా ఉండగా మెనూలో వెహికల్ సెట్టింగ్స్‌లోకి వెళ్ళి టైర్ల దగ్గర సెట్ లేదా కాలిబ్రేట్ నొక్కాలి. కొన్నిటిలో స్టీరింగ్ కింద బటన్ ఉంటుంది, దాన్ని లైటు మినుక్కుమనేదాకా పట్టుకోవాలి. మీ కారుతో వచ్చిన పుస్తకంలో ఒక్క పేజీ ఉంటుంది, ఎవరూ చదవరు గానీ అది చాలు. డైరెక్ట్ రకమైతే నొక్కడాలు లేవు, పది పదిహేను నిమిషాలు నడిపి అంకెలు చూసుకోవడమే.

ఈ దారిలో కష్టాలూ ఉన్నాయి. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పొద్దున ఆరింటికి కంప్రెసర్ పెడితే ఆ రొద మొదటి అంతస్తు దాకా వినిపిస్తుంది. మా వాచ్‌మన్ మొదటిసారి పరిగెత్తుకొచ్చాడు. పక్క కారుకి ఆనించి పార్క్ చేసే చోట్ల లోపలి వైపు వాల్వ్ దగ్గరకి చెయ్యే పోదు. నడుం నొప్పి ఉన్నవాళ్ళకి నాలుగుసార్లు వంగి లేవడం చిన్న విషయం కాదు. ఇలాంటి వాళ్ళు గేజ్ మాత్రం కొనుక్కుని, గాలికి ఇంటి దగ్గర బంకుకి వెళ్తే సరిపోతుంది.

ఇంకో మాట. బ్యాటరీ కేబుల్ తీసి పెడితే లైటు పోతుందని చెప్పేవాళ్ళు ఉంటారు. గడియారం, రేడియో సెట్టింగులు పోతాయి, గాలి మాత్రం రాదు.

బంకులో

బంకుల్లో గాలి ఉచితంగానే ఇవ్వాలి, చాలాచోట్ల ఇస్తారు కూడా. చిక్కల్లా కొలతలోనే. రోజంతా కిందపడి లేచే గేజ్ అది. ఒక బంకులో మిషన్ 33 అంటే నా గేజ్ 29 అంది. నా గేజే తప్పేమో అని ఇంకో గేజ్‌తో చూశాను, అదీ 29 దగ్గరే. అప్పటినుంచి బంకులో గాలి పెట్టించినా కొలత నాదే.

రెండో చిక్కు మన అలవాటు. దారిలో పెట్రోల్ పోయించుకున్నప్పుడే గాలి గుర్తొస్తుంది. విజయవాడ నుంచి గుంటూరు ముప్పై అయిదు కిలోమీటర్ల లోపే గానీ, అందులో సగం నడిచేసరికే టైర్లు బాగా వేడెక్కుతాయి. పైగా మధ్యాహ్నం పూట ఎండ తగిలే వైపు టైర్లు నీడ వైపు వాటికంటే కాస్త ఎక్కువే చూపిస్తాయి. అక్కడ నాలుగూ సమానంగా పెట్టించి రీసెట్ నొక్కితే, చల్లారాక అవి సమానంగా ఉండవు. ఇండైరెక్ట్ కారు నేర్చుకున్న పాఠమే తప్పవుతుంది. దారిలో వేడి మీద తప్పనిసరైతే స్టిక్కర్ అంకె కంటే నాలుగు ఎక్కువ పెట్టించుకోండి, రీసెట్ మాత్రం మర్నాడు పొద్దున చల్లటి టైరు మీద సరిచూశాకే నొక్కండి. ఎక్కువ చూపిస్తోందని వేడి టైరులోంచి గాలి తియ్యనివ్వకండి.

గాలి మిషన్ దగ్గర ఎండాకాలంలో జరిగే సంభాషణ ఒకటుంది. మీకూ అనుభవమే అయి ఉంటుంది.

"ఎంత పెట్టమంటారు సార్?"

"ముప్పై మూడు."

"ఎండలు మండిపోతన్నాయి సార్, ముప్పై సరిపోద్ది. ఎక్కువైతే పేలిపోద్ది."

అతను మన మంచి కోరే చెబుతున్నాడు, కానీ ఇది తిరగబడిన లెక్క. గాలి తక్కువైన టైరు నేలకి ఎక్కువగా ఒరుసుకుంటుంది, పక్క గోడలు ప్రతి చుట్టుకీ ఎక్కువ వంగుతాయి, ఆ వంగడంలోనే వేడి పుడుతుంది. నిండా జనంతో హైవే మీద వెళ్ళేటప్పుడు టైరు పేలిపోవడానికి దారి తీసేది ఎక్కువగా ఆ వేడే. వేడికి గాలి పెరుగుతుందన్న సంగతి కారు కంపెనీకి తెలుసు, ఆ లెక్క వేసుకునే స్టిక్కర్ మీద అంకె వేస్తారు. రెంటచింతల ఎండకైనా అంకె అదే. "నా మాట విని ముప్పై మూడే పెట్టు బాబూ" అనండి.

నైట్రోజన్ గురించి కూడా అడుగుతారు. మామూలు గాలిలో సుమారు 78 శాతం నైట్రోజనే. పెట్టించుకుంటే నష్టమేమీ లేదు, కాస్త నెమ్మదిగా కారుతుంది, అంతే. నైట్రోజన్ ఉంది కదా అని నెలకోసారి చూడటం మానేస్తేనే నష్టం.

ఆటోనగర్‌లో, టైర్ల షాపులో

పంచర్ ఉంటే ఈ దారి తప్పదు. మినుకు లైటుకి కూడా వారంటీ అయిపోయిన కారుకైతే నేను ముందు ఇక్కడికే వెళ్తాను. విజయవాడ ఆటోనగర్‌లో దొరకని పని లేదంటారు, గుంటూరులోనూ ఆటోనగర్ ఉంది. కానీ అక్కడ ఉన్న ప్రతి షాపులోనూ టీపీఎంఎస్ టూల్ ఉండదు. లారీ టైర్లలో ముప్పై ఏళ్ళ అనుభవం ఉన్నవాడికి కారు సెన్సర్ కొత్త కావచ్చు. అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్ చేసే పెద్ద షాపుల్లో అడగడం మేలు. అడగాల్సింది ఒకటే: "సెన్సర్ ఐడీ చదివే టూల్ ఉందా?" అది చక్రం పక్కన పెడితే ఆ సెన్సర్ బతికుందా, బ్యాటరీ ఎలా ఉంది, గాలి ఎంత చూపిస్తోంది అన్నీ చెప్పేస్తుంది. టూల్ లేకుండా "నాలుగు సెన్సర్లూ పోయాయి సార్" అని ఎవరైనా అంటే నమస్కారం పెట్టి వచ్చెయ్యండి.

డైరెక్ట్ రకం కారుకి టైరు విప్పేటప్పుడు ఒక్క ముక్క ముందే చెప్పాలి: "లోపల సెన్సర్ ఉంది." మిషన్‌తో టైరు అంచు నొక్కేటప్పుడు వాల్వ్‌కి దూరంగా మొదలుపెట్టాలి. వాల్వ్ పక్కనే పట్టీ దించితే సెన్సర్ విరుగుతుంది, ఆ తర్వాత అది మీ ఖర్చే. పంచర్ సీలెంట్ ద్రవం పోయించుకోవద్దు, సెన్సర్‌కి పనికొస్తుందని డబ్బా మీద రాసి ఉంటే తప్ప. ఆ జిగురు సెన్సర్ రంధ్రాన్ని మూసేస్తుంది. ట్యూబ్‌లెస్ పంచర్‌కి టైరు విప్పకుండా బయటినుంచి పెట్టే స్ట్రిప్ అయితే సెన్సర్ జోలికి పోదు కాబట్టి ఆ భయం లేదు.

ఇండైరెక్ట్ కారు వాళ్ళకి ఈ జాగ్రత్తలేవీ అక్కర్లేదు. చక్రంలో విరగడానికేం లేదు. ఆ రకంలో నాకు బాగా నచ్చే గుణం అదే.

షోరూంలో

వారంటీ ఉన్న కారుకి మినుకు లైటు వస్తే వేరే ఆలోచన లేకుండా ఇక్కడికే. కారు కంప్యూటర్‌లో ఏ చక్రం నుంచి సిగ్నల్ రావడం లేదో నమోదై ఉంటుంది, వాళ్ళు ఓబీడీ సాకెట్‌కి మిషన్ తగిలించి చదువుతారు. బయట విప్పించి సెన్సర్ విరిగితే వారంటీ వాదనలో మీరే ఓడిపోతారు.

కానీ నిలకడ లైటు కోసం, అంటే గాలి తగ్గినందుకు, షోరూంకి వెళ్ళడం జలుబుకి పెద్దాసుపత్రిలో చేరడం లాంటిది. అపాయింట్‌మెంట్, జాబ్ కార్డు, వెయిటింగ్ హాల్లో టీ, సాయంత్రం కారు. అక్కడికి నడిపించుకుని వెళ్ళేసరికి టైర్లు వేడెక్కుతాయి, ఆ వేడి మీదే గాలి పెడతారు. మామూలు సర్వీస్‌కి ఇచ్చినప్పుడు జాబ్ కార్డులో "టైర్ ప్రెషర్, రీసెట్" అని రాయించండి, టైర్లు మార్చి బిగించారేమో అడగండి. సర్వీస్ నుంచి వచ్చిన మర్నాడు పొద్దున మీ గేజ్‌తో ఒకసారి చూసుకోండి.

రీసెట్ తర్వాత ఎక్కడ నడపాలి?

ఇండైరెక్ట్ రకం బటన్ నొక్కగానే నేర్చేసుకోదు. కొంతసేపు నడవాలి, కారుని బట్టి మొత్తం అరగంట దాకా కూడా పట్టొచ్చు, అది కూడా ఒక మోస్తరు వేగంతో. బందరు రోడ్డు మీద సిగ్నల్ సిగ్నల్‌కీ ఆగుతూ, బెంజ్ సర్కిల్ చుట్టూ తిరుగుతూ ఉంటే ఆ పాఠం రోజుల తరబడి పూర్తవదు. విజయవాడ వాళ్ళు పొద్దున్నే వారధి దాటి మంగళగిరి దాకా వెళ్ళి వెనక్కి తిరిగితే సరిపోతుంది. ఇంకాస్త ముందుకెళ్తే కాజ టోల్‌గేటు. రీసెట్ కోసం టోలు కట్టడం దేనికి? గుంటూరు వాళ్ళకి చిలకలూరిపేట వైపు హైవే బాగుంటుంది. డైరెక్ట్ రకానికి ఇంత అవసరం లేదు, ఊళ్ళో ఓ చుట్టు చాలు.

ఆ నడిపిన మర్నాడో, వారం లోపో మళ్ళీ లైటు వస్తే రెండోసారి రీసెట్ నొక్కకండి. పంచర్ వెతకండి.

ఎవరికి ఏది?

రోజూ విజయవాడ, గుంటూరు మధ్య ఉద్యోగానికి తిరిగేవాళ్ళు గేజ్, కంప్రెసర్ కొనేసుకోండి. హైవే మీద వేగంతో వెళ్ళేవాళ్ళకి గాలి తక్కువైతే జరిగే నష్టం ఎక్కువ, పైగా దారిలో బంకు దొరికేసరికి టైర్లు ఎప్పుడూ వేడిగానే ఉంటాయి. నెలకోసారి ఆదివారం పొద్దున పావుగంట.

కారు వారానికోసారి గుడికి, పెళ్ళికి తీసే పెద్దవాళ్ళకి బంకే మేలు. కాకపోతే ఇంటికి రెండు కిలోమీటర్ల లోపు ఉన్నది చూసుకుని, ఎండెక్కకముందే వెళ్ళండి. మా నాన్నగారికి ఒక గేజ్ కొనిచ్చాను, దాన్ని గాలి కుర్రాడికిచ్చి "దీంతో చూడు నాయనా" అంటారు. కుర్రాడికి మొదట్లో కోపం వచ్చింది, ఇప్పుడు ఆ గేజ్‌తోనే వేరేవాళ్ళ టైర్లు కూడా చూస్తున్నాడట.

స్టెప్నీ లేని కారు కొన్నవాళ్ళు లైటు వెలిగిన చోటే స్పందించాలి. 2020 అక్టోబర్ నుంచి మన దేశంలో ట్యూబ్‌లెస్ టైర్లు, పంచర్ కిట్, టీపీఎంఎస్ ఉంటే స్టెప్నీ ఇవ్వకపోయినా పర్వాలేదని నిబంధన సడలించారు. అంటే మీ కారులో ఆ లైటు స్టెప్నీకి బదులుగా ఇచ్చినది. దాన్ని పట్టించుకోకుండా నడిపి టైరు గోడ నలిగిందంటే కిట్ కూడా ఆదుకోదు.

కారు ట్రావెల్స్‌కి తిప్పేవాళ్ళకి, డ్రైవర్లు మారుతుండే కార్లకి డైరెక్ట్, ఇండైరెక్ట్ తేడా బాగా తగులుతుంది. ఇండైరెక్ట్ కారులో ఒక డ్రైవర్ తప్పుగా నొక్కిన రీసెట్ తర్వాతి డ్రైవర్‌కి తెలియదు. ఎవరు పడితే వాళ్ళు నొక్కకుండా, గాలి కొలిచి అంకెలు రాసినవాళ్ళే నొక్కాలని చెప్పి పెట్టండి.

అసలు టీపీఎంఎస్సే లేని పాత కారు వాళ్ళు వాల్వ్ మూత స్థానంలో బిగించే సెన్సర్ల సెట్టు కొనుక్కోవచ్చు. బిగించడం తేలిక, గాలి కొట్టించేటప్పుడల్లా విప్పి పెట్టడం విసుగు. వీధిలో పెట్టే కారైతే దొంగల భయమూ ఉంది. అయినా ఏమీ లేకపోవడం కంటే నయం.

లైటు వెలగలేదు కదా అని నిశ్చింతగా ఉండేవాళ్ళకి ఒక లెక్క. ఈ సిస్టం చట్టబద్ధంగా తప్పనిసరి అయింది మొదట అమెరికాలో. 2000 ప్రాంతంలో అక్కడ టైర్ల పై పొర ఊడి కార్లు బోల్తాపడిన ప్రమాదాల తర్వాత చట్టం చేశారు. ఆ నిబంధన ప్రకారం గాలి 25 శాతం తగ్గేసరికి లైటు వెలగాలి. అంటే 33 కావాల్సిన టైరు 25 దగ్గరకి దిగేదాకా వెలగకపోయినా నిబంధనకి లోబడినట్టే. లైటు చివరి హెచ్చరిక, మొదటిది కాదు. నెలకోసారి గేజ్ పెట్టమని పదేపదే అంటున్నది అందుకే.

సెన్సరే పోతే

డైరెక్ట్ సెన్సర్ లోపలి బ్యాటరీ సాధారణంగా అయిదు నుంచి పదేళ్ళు వస్తుంది. దాన్ని విడిగా మార్చలేం, సెన్సర్ మొత్తం మార్చాలి. కంపెనీ సెన్సర్ అయితే ఖరీదెక్కువ, ఇబ్బంది తక్కువ. ప్రోగ్రాం చేసుకునే యూనివర్సల్ సెన్సర్ చవక, కానీ చేసేవాడి దగ్గర టూల్ ఉండాలి. అందులో ఒక సౌలభ్యం ఉంది. పాత సెన్సర్ ఐడీనే కొత్తదాంట్లోకి ఎక్కిస్తే కారుకి మార్పే తెలియదు, మళ్ళీ నేర్పించే పని ఉండదు. ఆన్‌లైన్‌లో విదేశీ సెన్సర్ తక్కువకి వస్తోందని కొనేముందు ఫ్రీక్వెన్సీ చూడండి. అమెరికా కార్లలో 315 మెగాహెర్ట్జ్ ఎక్కువ, మన దగ్గర సాధారణంగా 433 వాడతారు. ఒకటి మరొకదానికి పలకదు. కారు ఎనిమిదేళ్ళు దాటి, టైర్లు కూడా మార్చే సమయం వచ్చి ఉంటే, ఒక సెన్సర్ పోయినప్పుడే నాలుగూ మార్చేయడం నా పద్ధతి. టైరు విప్పే కూలి ఒక్కసారితో పోతుంది.

సెన్సర్ ఉన్న వాల్వ్‌లకి ప్లాస్టిక్ మూతలే ఉంచండి. తళతళలాడే ఇత్తడి మూతలు అల్యూమినియం వాల్వ్‌తో తుప్పుపట్టి అతుక్కుపోతాయి, సూర్యలంక, మంగినపూడి వైపు ఉప్పుగాలిలో తిరిగే కార్లకి ఇంకా త్వరగా. అతుక్కున్న మూతని పటకారుతో తిప్పితే మూతతో పాటు వాల్వూ చేతికొస్తుంది, దానికి అంటుకుని సెన్సరూ.

అలాయ్ చక్రాలు మార్పించేవాళ్ళు పాత చక్రాల్లోంచి సెన్సర్లు తీసి కొత్తవాటికి పెట్టమని ముందే చెప్పండి, కొత్త చక్రానికి ఆ సెన్సర్ సరిపడుతుందో కూడా అడగండి. మా కజిన్ ఒకడు ఈ సంగతి గుర్తొచ్చేసరికి పాత చక్రాలు సెకండ్ హ్యాండ్‌లో అమ్మేసి పదిరోజులైంది. సెన్సర్లు ఇప్పుడు వేరెవరి కారులోనో ఉన్నాయి, లైటు వీడి కారులో మినుక్కుమంటోంది.